కంచం, మంచం, కాలేజీ

విశ్వవిద్యాలయ వసతి గృహం అంటే చదువుకునే వారికి కంచమూ మంచమూ ఒకే కప్పు కింద దొరికే చోటు. అయితే కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు నుంచి చూసినప్పుడు ఇందులో ఏది ముందు, ఏది వెనుక అన్న సంగతి చాలా పెద్దది. ఈ ప్రాంతపు పిల్లలకు కాలేజీలో సీటు దొరకడం రెండో మెట్టు. కాలేజీ ఉన్న ఊళ్లో రాత్రి తల వాల్చడానికి ఒక చోటు, రెండు పూటలా అన్నం దొరకడం మొదటి మెట్టు. కల్వకుర్తి నుంచి హైదరాబాద్‌కు శ్రీశైలం రోడ్డు మీద ఎనభై కిలోమీటర్ల చిల్లర. పనిమీద పోయేవారికి అదొక దూరమే కాదు. చదువుకునే వారికి మాత్రం అది ఇబ్బందికరమైన దూరం. రోజూ పోయి రావడం కుదరదు, చుట్టాల ఇంట్లో ఏళ్ల తరబడి ఉండటం బాగుండదు, గది అద్దెకు తీసుకునే స్తోమత ఉండదు. పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) చదువుల చరిత్రను కాలేజీల చరిత్రగా రాస్తే సగమే రాసినట్టు. మిగతా సగం హాస్టళ్ల చరిత్ర.

చదువుకునే చోటే బతకాలన్న ఆలోచన పాతదే. నలంద శిథిలాల్లో తరగతుల ఆనవాళ్ల కంటే స్పష్టంగా కనిపించేవి నడవా చుట్టూ వరుసగా ఉన్న భిక్షువుల గదులు. ఆక్స్‌ఫర్డ్‌లో కాలేజీ అంటే మొదట నివాసమే. అక్కడి మెర్టన్ కాలేజీలో పద్నాలుగో శతాబ్దపు గదుల్లో ఇప్పటికీ విద్యార్థులు ఉంటున్నారు. 1869లో ఇంగ్లండ్ వెళ్లిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కేంబ్రిడ్జి పద్ధతి చూసి వచ్చి, అలీగఢ్ కాలేజీని బోర్డింగ్ చుట్టూ కట్టించాడు. పాఠం ఎక్కడైనా చెప్పవచ్చు, మనిషిని మలచాలంటే కలిసి తినాలి, కలిసి పడుకోవాలి అన్నది ఆయన నమ్మకం. హైదరాబాద్ రాజ్యంలో చదువుల గురించి ఆలోచించిన వారి మీద ఆ ప్రభావం తక్కువది కాదు.

తెలుగు ఊళ్లకు మాత్రం ఇంతకన్నా దగ్గరి పద్ధతి ఒకటి ఉండేది. అది వారాలు చేసుకోవడం. పేద పిల్లవాడు పట్నంలో ఏ సత్రం అరుగు మీదో పడుకుని, సోమవారం ఒకరి ఇంట, మంగళవారం ఇంకొకరి ఇంట భోంచేస్తూ చదువు సాగించేవాడు. ఏడు ఇళ్లు ఒప్పుకుంటే చదువు సాగినట్టు, ఆరే దొరికితే వారానికి ఒక రోజు పస్తు. తెలుగు ఆత్మకథల్లో ఈ వారాల ముచ్చట రాని పుస్తకాలు తక్కువ. చాలామంది దానిని తీపి జ్ఞాపకంగానే చెప్పుకున్నారు. కానీ అందులో చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. వారాలు పెట్టే ఇల్లు పిల్లవాడి కులం చూసేది. ఆ అన్నం దాదాపుగా బ్రాహ్మణ పిల్లలకు దొరికిన అన్నం. రైతు బిడ్డకో, నేతపని వారి బిడ్డకో, దళితుల బిడ్డకో ఆ ఏడు ఇళ్లలో ఒక్కటి కూడా తలుపు తీయలేదు. అందువల్ల వసతి గృహం రావడం సౌకర్యానికి సంబంధించిన మార్పు మాత్రమే కాదు. చదువుకునే వారి జాబితానే అది మార్చింది.

గద్వాల, వనపర్తి సంస్థానాలకు పాండిత్యం మీద ప్రేమ ఉండేది. గద్వాలను విద్వద్గద్వాల అనేవారు. ఏటా పండితులు వచ్చి సత్కారాలు పొంది పోయేవారు. అది పండితులకు జరిగిన గౌరవం, దానివల్ల రైతు పిల్లవాడికి ఇంగ్లీషు చదువు దొరకలేదు. చదవాలనుకున్నవాడు తుంగభద్ర దాటి కర్నూలు పోవాలి, ఆపైన మద్రాసు పోవాలి. 1896లో గద్వాల ప్రాంతంలోని బోరవెల్లిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి అలాగే పోయారు. కర్నూలులో చదివి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పట్టా పుచ్చుకున్నారు. కొంత ఆస్తి, చాలా పట్టుదల ఉన్న కుటుంబాలకే అయ్యే పని అది.

ఆ పరిస్థితిని మార్చడానికి పూనుకున్నది పోలీసు శాఖలో పనిచేసిన ఒక మనిషి. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో 1869లో పుట్టిన వెంకటరామారెడ్డి చిన్న ఉద్యోగంతో మొదలై, 1920లో హైదరాబాద్ నగర కొత్వాల్ అయ్యారు. పద్నాలుగేళ్లు ఆ పదవిలో ఉన్నారు. రాజా బహద్దూర్ అన్న బిరుదుతోనే జనం ఆయన్ను గుర్తుపెట్టుకున్నారు. కొత్వాల్ కాకముందే, 1918లో, హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ స్థాపనకు నడుం కట్టారు. తెలంగాణ సంస్థానాధీశులు, దేశ్‌ముఖులు చందాలిచ్చారు. ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకోవాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి నిజాం ఫర్మానా వచ్చింది 1917లో. తరగతులు మొదలైంది 1919 ఆగస్టులో, గన్‌ఫౌండ్రీలోని అద్దె ఇళ్లలో. అంటే పల్లె పిల్లవాడికి మంచం వేసిన ఏడాదికి గాని విశ్వవిద్యాలయం బల్ల వేయలేదు. ఇది అనుకోకుండా జరిగినదే కావచ్చు, కానీ జరగాల్సిన వరసలోనే జరిగింది.

రెడ్డి హాస్టల్ కేవలం అన్నసత్రంగా ఉండిపోకపోవడానికి ఎక్కువ కారణం సురవరం ప్రతాపరెడ్డి. 1920లలో ఆయన హాస్టల్ బాధ్యత తీసుకున్నారు. తన వంటి వారు కర్నూలు, మద్రాసు తిరిగి సంపాదించుకున్న దానిని ఒక్కచోట పోగు చేయాలన్న ఆత్రం ఆయన పనుల్లో కనిపిస్తుంది. గ్రంథాలయాన్ని పెంచారు, పిల్లల చేత తెలుగు చదివించారు. బడిలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ, ఉద్యోగానికి ఉర్దూ అయిన కాలంలో తెలుగు పుస్తకం చేతికి అందే చోటు ఒకటి ఉండటం చిన్న సంగతి కాదు. 1926లో ఆయన గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు. వార్డెన్ పత్రికా సంపాదకుడు కావడం ఈ కాలపు హాస్టళ్లలో ఊహకందదు. ఇప్పటి వార్డెన్‌కు హాజరు పట్టిక, బియ్యం లెక్క, పై అధికారికి జవాబు రాయడం, వీటితోనే పొద్దు గడుస్తుంది.

ఆ హాస్టల్లో ఉండి చదివిన రావి నారాయణరెడ్డి తర్వాత కమ్యూనిస్టు నాయకుడై, భూస్వాముల మీద సాయుధ పోరాటానికి ముందు నిలిచారు. దేశ్‌ముఖుల చందాలతో నడిచిన భోజనశాలలో తిన్నవాడు దేశ్‌ముఖుల మీద తిరగబడటంలో వింత లేదు. పెట్టిన అన్నానికి లొంగి ఉండాలని ఎవరూ రాయించుకోలేదు. హాస్టల్‌కు ఉన్న మంచి గుణం అదే.

అయితే పేరులోనే ఒక కులం ఉన్న ఇల్లు అది. దాని తోవలోనే హైదరాబాద్‌లో వైశ్య, మున్నూరుకాపు, గౌడ, పద్మశాలి హాస్టళ్లు వచ్చాయి. కాచిగూడ, నారాయణగూడ, హిమాయత్‌నగర్ చుట్టుపక్కల నడిచినవారికి ఈ బోర్డులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక్కో కులం తన పిల్లల కోసం తాను చందా ఎత్తుకుంది. ఇందులో తప్పు పట్టడానికి లేదు, ఎందుకంటే ప్రభుత్వం ఆ పని చేయలేదు. మెచ్చుకుని ఊరుకోవడానికీ లేదు, ఎందుకంటే చందా ఇచ్చే స్తోమత లేని కులాలకు హాస్టల్ లేదు. వారాల ఇంటి ముందు నిలబడిపోయిన పిల్లవాడే ఇక్కడా గేటు బయట నిలబడ్డాడు. కుల హాస్టల్ చదువును పల్లెకు తెచ్చింది, కులాన్ని పట్నానికి తీసుకుపోయింది. ఈ రెండూ నిజమే. ఒకదాన్ని చెప్పి ఇంకొకదాన్ని దాచే చరిత్రలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఉస్మానియా తన సొంత ప్రాంగణానికి అడిక్‌మెట్‌కు చేరాక వేరే రకం హాస్టల్ పుట్టింది. ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో పునాది వేసి 1939లో ప్రారంభించారు. దాని రూపకర్త బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్. అంతకుముందే నిజాం ఇద్దరు ఇంజనీర్లను లోకంలోని పెద్ద విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపాడు. ప్రాంగణంలో ఏ హాస్టల్, బీ హాస్టల్ అన్నవి పేర్లు. ఒక కులమూ లేదు, ఒక దాతా లేడు, అక్షరం మాత్రమే. పొడి పేర్లే గాని, ఆ పొడితనం వల్ల ఒక లాభం ఉంది. ఆ గేటు లోపల ఎవరి ఇంటి వారు ఎవరన్నది బోర్డు చెప్పదు.

చెప్పకపోయినా తేడాలు మాయం కాలేదు. 1938 చివరలో హాస్టల్ ప్రార్థన గదుల్లో వందేమాతరం పాడరాదని అధికారులు నిషేధించారు. విద్యార్థులు పాడారు. వందల మందిని కాలేజీల నుంచి, హాస్టళ్ల నుంచి పంపించివేశారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వారిలో చాలామందిని చేర్చుకుంది. అప్పుడు వరంగల్‌లో చదువుతున్న పి.వి. నరసింహారావు కూడా నాగపూర్ బాట పట్టినవారే. గద్వాల ప్రాంతం వాడైన రామచంద్రరావుకు జైల్లో కొరడా దెబ్బల మధ్య పలికిన వందేమాతరం మాటే పేరు ముందు చేరి, ఆయన వందేమాతరం రామచంద్రరావు అయ్యారు. ఒక సంగతి గమనించాలి. గొడవ మొదలైంది తరగతి గదిలో కాదు, పొద్దున లేచి అందరూ కలిసే గదిలో. తరగతిలో గురువు ఉంటాడు. హాస్టల్లో ఉండేది ఒకే ఈడు వాళ్లు, బోలెడంత సమయం.

విశ్వవిద్యాలయ హాస్టల్‌కు గుండెకాయ మెస్. గది ఎలా ఉన్నా సర్దుకుంటారు, పప్పు నీళ్లగా ఉంటే ధర్నా చేస్తారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా నడిచేది డివైడింగ్ పద్ధతి. నెలలో బియ్యం, పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్‌కు ఎంత ఖర్చయిందో కూడి, తిన్నవారి సంఖ్యతో భాగిస్తారు. ఆ వచ్చిందే మెస్ బిల్లు. లాభం కోసం నడిచేది కాదు కనుక బయటి కంటే తక్కువకే అన్నం దొరుకుతుంది. ఈ పద్ధతిలో ఉన్న మెలిక ఏమిటంటే, ఒకరి దుబారా అందరి నెత్తి మీద పడుతుంది. నూరు మంది తినే మెస్‌లో నెలకు మూడు లక్షలు ఖర్చయితే తలా మూడు వేలు. లెక్కలో లేని నలభై మంది అదే మెస్‌లో తింటే ఖర్చు నాలుగు లక్షల ఇరవై వేలకు పోతుంది, అదంతా నూరు మందే కట్టాలి. తలా నాలుగు వేల రెండు వందలు.

లెక్కలో లేని ఆ మనిషికి ఒక పేరుంది, నాన్ బోర్డర్. కోర్సు అయిపోయినా ఉద్యోగ పరీక్షలు రాస్తూ ఉండిపోయిన సీనియర్, సీటు రాని చిన్ననాటి స్నేహితుడు, ఊరి నుంచి వచ్చి ఏదో ఒక కోచింగ్‌లో చేరిన తమ్ముడు. నిబంధనల ప్రకారం వీళ్లు ఉండకూడదు. ప్రతి ఏడూ వీళ్లను ఖాళీ చేయించే ప్రకటన వస్తుంది, ప్రతి ఏడూ వీళ్లు ఉంటారు. ఇద్దరి గదిలో నలుగురు, నేల మీద చాప. మెస్ బిల్లు పెరిగిందని తిట్టుకునే బోర్డరే తన గదిలోని నాన్ బోర్డర్‌కు కంచం తెచ్చి పెడతాడు. పరిపాలన దీనిని అక్రమం అంటుంది. అది నిజమే. కానీ పాలమూరు, నల్లగొండ ఊళ్ల నుంచి వచ్చి సర్కారు ఉద్యోగం కొట్టిన వారిలో ఈ చాప మీద పడుకోని వారు ఎంతమంది అని అడిగితే, సమాధానం పరిపాలనకు అంత సుఖంగా ఉండదు.

కంచంలో ఏముండాలన్నది కూడా చిన్న ప్రశ్న కాదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా ప్రాంగణంలో దళిత, బహుజన విద్యార్థి సంఘాలు బీఫ్ ఫెస్టివల్ జరిపినప్పుడు ఘర్షణలు జరిగాయి, దేశమంతా దాని మీద వాదించుకుంది. తమ ఇంట్లో తినే తిండి హాస్టల్ మెనూలో ఎందుకు ఉండకూడదన్నది ఆ సంఘాల ప్రశ్న. బోర్డు మీద కులం పేరు తీసేసినంత మాత్రాన వంటింట్లో అది పోదని ఆ రోజు బయటపడింది.

గది సంగతికి వస్తే, హాస్టల్ గదికి తనకంటూ ఒక న్యాయం ఉంటుంది. ఇంటి నుంచి వచ్చిన సకినాలు, మురుకులు, పల్లీల పొడి ట్రంకు పెట్టెలో తాళం వేసి దాచుకునేవాడిని మర్నాటి నుంచి ఎవరూ దగ్గరికి రానీయరు. మొదటి వారంలో జొన్నరొట్టె లేదని బెంగ పెట్టుకున్నవాడు దసరా సెలవులకు ఊరికి పోయి, మెస్ సాంబారు బాగుంటుందని తల్లితో అంటాడు. యాస కూడా గదిలోనే తేలుతుంది. కల్వకుర్తి మాట విని ఆదిలాబాద్ వాడు నవ్వుతాడు, ఆదిలాబాద్ మాట విని కల్వకుర్తి వాడు నవ్వుతాడు. నెల తిరిగేసరికి ఇద్దరి మాటా కలిసిపోయి ఊళ్లో ఎవరికీ అర్థం కాని మూడో మాట తయారవుతుంది. సిలబస్‌లో లేని చదువు అంటే ఇదేనని పెద్దమనుషులు ఉపన్యాసాల్లో చెబుతారు. అయితే అందులో నవ్వులే కాదు, ర్యాగింగ్ ఉంది, జూనియర్‌తో బట్టలు ఉతికించుకున్న పెత్తనమూ ఉంది. హాస్టల్ రోజుల్ని తలచుకుని మురిసేవారు తాము ఏ సంవత్సరం విద్యార్థిగా మురుస్తున్నారో కూడా చెప్పాలి.

1969 తెలంగాణ ఉద్యమం విశ్వవిద్యాలయ విద్యార్థుల భుజాల మీద నడిచింది. ఆ ఏడాది చదువులు ఆగాయి. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డిని ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ ఆవరణలో పొడిచి చంపారు. 2009 నవంబరు చివరి నుంచి డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటుపై కేంద్రం ప్రకటన చేసేదాకా, ఆ తర్వాత కూడా, ఉస్మానియా హాస్టళ్లే ఉద్యమానికి ఆయువుపట్టు. 2010 జనవరి 3న విద్యార్థి గర్జన సభ జరిగిందీ ఆ ప్రాంగణంలోనే. హాస్టల్లోనే ఎందుకు అన్నదానికి జవాబు సులువు. రాత్రి పదింటికి ఒక కబురు పుడితే, పదకొండింటికి వెయ్యి మంది ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర ఉండగలిగేది హాస్టల్ ఉన్న చోటే. ప్రభుత్వాలకు కూడా ఈ కిటుకు తెలుసు. విద్యార్థులు కదిలినప్పుడల్లా ముందు వచ్చే ఆదేశం సెలవులు, హాస్టళ్ల ఖాళీ, మెస్ మూత. కంచం తీసేస్తే గుంపు చెదిరిపోతుందన్న లెక్క చాలాసార్లు నెగ్గింది. 2009లో నెగ్గలేదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా మగపిల్లల కథ. ఆడపిల్లల హాస్టల్ చరిత్ర వేరే దారిలో నడిచింది. రెడ్డి బాలికల వసతి గృహం 1933లో వచ్చింది, అంటే మగపిల్లల దానికి పదిహేనేళ్ల తర్వాత. 1954లో నారాయణగూడలో వెంకటరామారెడ్డి పేర మహిళా కాలేజీ ఏర్పడింది. ఉస్మానియా మహిళా కాలేజీ కోఠిలో పాత బ్రిటిష్ రెసిడెన్సీలో నడిచింది. మగపిల్లల హాస్టల్ గేటుకు తాళం వేసే అలవాటే చాలాచోట్ల లేదు, ఆడపిల్లల గేటుకు వేళ దాటితే తాళం. లైబ్రరీ రాత్రి దాకా తెరిచి ఉన్నా ఆ వేళకు వారు లోపల ఉండాలి. భద్రత పేరుతో చదువు గంటలు కోయడం ఇది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ తాళమే లేకపోతే పల్లెలో చాలామంది తండ్రులు కూతురిని పంపేవారే కాదు. హాస్టల్ ఉందంటే పంపుతారు, లేదంటే పెళ్లి సంబంధాలు చూస్తారు.

ఇక ప్రభుత్వం వైపు. సాంఘిక సంక్షేమ హాస్టళ్లు, ఆ తర్వాత బీసీ, గిరిజన హాస్టళ్లు వచ్చి కుల హాస్టల్ గేటు బయట నిలబడిన పిల్లలను లోపలికి తీసుకున్నాయి. 1944 నుంచి ఉన్న పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకం ఈ పిల్లల కాలేజీ చదువుకు ఊపిరి పోసింది. పి.వి. చొరవతో 1971లో సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. 2016లో తెలంగాణ ప్రభుత్వం దళిత బాలికల కోసం గురుకుల డిగ్రీ కాలేజీలు తెరిచింది, అక్కడ కాలేజీ, కంచం, మంచం ఒకేచోట. పాలమూరులో వీటి అవసరం ఇంకొక కారణం వల్ల ఎక్కువ. తల్లిదండ్రులు పని కోసం బొంబాయి, పుణె పోతే పిల్లలు ఎక్కడ ఉండాలి? వలస కుటుంబాల పిల్లల కోసం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో కొన్ని నెలల పాటు నడిచే హాస్టళ్లు పెట్టాల్సి వచ్చింది. ఆ పిల్లలకు హాస్టల్ అంటే చదువుకునే చోటు కావడానికి ముందు ఇల్లు.

2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో దానికి పీజీ కేంద్రాలు ఉన్నాయి. అంతకు తొంభై ఏళ్ల ముందు వెంకటరామారెడ్డి పిల్లల్ని హైదరాబాద్‌కు తేవాల్సి వచ్చింది, ఇప్పుడు విశ్వవిద్యాలయమే జిల్లాకు వచ్చింది. అయినా హైదరాబాద్ బస్సు ఖాళీగా పోవడం లేదు. దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట, అశోక్‌నగర్‌లలో ప్రైవేటు హాస్టళ్లు గల్లీకి నాలుగు. టూ షేరింగ్, ఫోర్ షేరింగ్ అని మంచాన్ని బట్టి ధర. అక్కడ మెస్ కమిటీ లేదు, గ్రంథాలయం లేదు, ఆర్ట్స్ కాలేజీ మెట్లు అసలే లేవు. పొద్దున ఉప్మా, రాత్రి అన్నం, మధ్యలో చిక్కడపల్లి లైబ్రరీ. పాత హాస్టల్ మనుషుల్ని కలిపింది. ఈ హాస్టల్ మంచాన్ని అద్దెకిస్తుంది, అంతే.

కాలేజీ మంజూరైనప్పుడు జిల్లాల్లో సన్మానాలు జరుగుతాయి, ఫ్లెక్సీలు కడతారు. హాస్టల్ మంజూరైందా అని అడిగేవారు తక్కువ. కల్వకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో ఆఖరి బస్సు సాయంత్రమే పోయే ఊళ్లు ఉన్నాయి. ఆ ఊళ్ల ఆడపిల్లలకు డిగ్రీ, పీజీ సీటు కంటే ముందు పడక కావాలి. కొత్త కోర్సు కోసం, కొత్త కేంద్రం కోసం వినతిపత్రం రాసే పెద్దలు అదే కాగితం మీద హాస్టల్ మాట కూడా రాయాలి, దానిని మొదటి వాక్యంలోనే రాయాలి.